చైర్మన్‌గారి చూపుడువేలు

ఇకపై మన పట్టణంలో ప్రజలు నొక్కిన ఏ ఒక్క నొక్కూ వృథా పోదని పురపాలక సంఘం చైర్మన్‌గారు ప్రకటించారు. ఇంతవరకు ఎన్ని వృథా పోయాయో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. సభలో కుర్చీలు మెత్తగా ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

పాఠకులకు కొంచెం వెనక సంగతి చెప్పాలి. మూడు నెలలుగా మా కుళాయిల్లోంచి గాలి తప్ప మరేమీ రావడం లేదు. నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి. ఆఫీసుకు వెళ్ళి పెద్ద గుమాస్తాతో చెబితే ఆయన నోటుబుక్కులో వార్డు నంబరు రాసుకునేవాడు. నాలుగో రోజుకో అయిదో రోజుకో ట్యాంకరు వచ్చేది. ఇందులో మానవ లోపానికి అవకాశం ఉందని చైర్మన్‌గారు కనిపెట్టారు. మానవులను తీసేసి ఒక యంత్రం పెట్టించారు. దాని పేరు ప్రజా జలమీట.

ఆఫీసు హాల్లో రాతబల్లంత పలక. దాని మీద ముప్పై రెండు ఇత్తడి మీటలు, వార్డుకొకటి. మీ వార్డు మీట నొక్కితే ఆ నొక్కు వరసలో చేరుతుంది. యంత్రం అరగంటకొక చీటీ కక్కుతుంది. చీటీ మీద ఏ వార్డు ఉంటే ట్యాంకరు ఆ వార్డుకు వెళుతుంది. ముందు నొక్కినవారికి ముందు. పెద్దా చిన్నా తేడా లేదు. చైర్మన్‌గారిది ఒకటో వార్డు కావడం, ఒకటో మీట సరిగ్గా నడుమ, మిగతావాటికన్నా రెండింతల సైజులో ఉండడం కేవలం అందం కోసం.

ప్రారంభోత్సవం నాడు చైర్మన్‌గారు చూపుడువేలితో ఒకటో మీట నొక్కారు. ఫొటోగ్రాఫర్లు "అలాగే ఉండండి సార్" అన్నారు. ఆయన అలాగే ఉన్నారు. అలాగే ఉండి నలభై నిమిషాలు ఉపన్యసించారు. ఫొటోలో తాము పడమేమోనని తక్కిన ముప్పై ఒక్క మంది కౌన్సిలర్లూ ఎగబడి ఎవరి మీట వారు నొక్కి వదిలారు. అంతా అయ్యాక చైర్మన్‌గారు వేలు తీసి, రుమాలుతో తుడుచుకుని, ఇక యంత్రం పని మొదలుపెట్టవచ్చని కమిషనర్‌గారికి సైగ చేశారు. అప్పుడు స్విచ్ వేశారు.

ఆ సాయంత్రమే ఒకటో మీటకు అద్దాల పెట్టె బిగించి తాళం వేశారు. "ఈ మీటను గౌరవ అధ్యక్షులు నొక్కినారు" అని కింద ఇత్తడి ఫలకం. అంతటి వేలు తాకినచోట మామూలు వేళ్ళు పడకూడదన్నది కౌన్సిల్ ఏకగ్రీవ తీర్మానం.

మర్నాడు పొద్దున్నే మా ముప్పై ఒకటో వార్డుకు ట్యాంకరు వచ్చింది. మా అత్తయ్యకు ఎనభై ఒక్కేళ్ళు. నెత్తిన రెండు బకెట్లు కుమ్మరించుకుంటేగాని ఆమెకు తెల్లవారదు. మూడు నెలలుగా మూడు చెంబులతో తెల్లవార్చుకుంటోంది. ఆ రోజు నిండుగా స్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ, "పరవాలేదే అమ్మాయ్, వీడికి నొక్కడం వచ్చు" అంది.

మాకు వచ్చిన ట్యాంకరు అదొక్కటే.

రెండో రోజు నుంచి నేను వెళ్ళి మా మీట నొక్కితే పైన ఉన్న తెరలో ఇలా వచ్చేది: "వరస నిండినది. దయచేసి మళ్ళీ నొక్కండి." మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. యంత్రం మర్యాదను మాత్రం కాదనలేం. గుమాస్తా ఏనాడూ దయచేసి అనలేదు. తొమ్మిది రోజులు నొక్కాను. పదిహేడో వార్డు టైలరు బొటనవేలితో నొక్కి చూశాడు. ఇరవై రెండో వార్డు టీచరమ్మ, మెల్లగా నొక్కితే వింటుందేమోనని కళ్ళు మూసుకుని నొక్కింది. ఎవరికీ చీటీ రాలేదు. అరగంటకొక చీటీ మాత్రం తప్పకుండా వస్తూనే ఉంది.

ఒకనాడు మా వీధి మలుపులో నిండు ట్యాంకరు కనబడితే అడ్డంగా నిలబడ్డాను.

"అన్నా, ఎక్కడికి?"

"ఒకటో వార్డుకమ్మా."

"నిన్న కూడా అక్కడికేగా?"

"మొన్న కూడా. పొద్దున ఆరు సార్లు వెళ్ళొచ్చా. చైర్మన్‌గారి సంపు నిండింది, పక్కింటివాళ్ళవి నిండాయి, ఇప్పుడు పూలమొక్కలకు పోయిస్తున్నారు. మొక్కలు కూడా వద్దంటున్నాయి."

"ఇక్కడ ఒక్క పది బిందెలు వదలరాదూ?"

"చీటీ మీద మీ వార్డుంటే మీ గుమ్మంలో స్నానం కూడా చేయించి వెళతా. చీటీ ఏం రాస్తే నేనది." అంటూ అతను చీటీ చూపించాడు. ఒకటి. దాని వెనక ఇంకోటి. ఒకటి.

చైర్మన్‌గారు మాత్రం విలేకరులను ఇంటికి పిలిచి, పొంగి పొర్లుతున్న సంపు చూపించి, "చూశారా, సిస్టం ఎలా పనిచేస్తోందో. నేను ఒక్కసారి నొక్కాను. ఎన్నిసార్లు వచ్చిందో చూడండి" అన్నారు. ఆయన భార్య లోపలినుంచి, "ఇంకెవరైనా నీళ్ళు పట్టుకెళతారేమో అడగండి, గచ్చంతా పాచి పట్టింది, నిన్న జారిపడ్డాను" అంటోందిట. ఆ మాట పత్రికలో రాలేదు.

అసలు రహస్యం మా పై వాటాలో అద్దెకుంటున్న తీగల మాస్టారుకు తెలుసు. ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు. జలమీటకు తీగలు కలిపి, దానికి బుద్ధి చెప్పినవాడు. యాభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. వీధి చివర చేతిపంపు దగ్గర బిందెల వరసలో తన బకెట్టు పెట్టి నిలబడి ఉంటే, అత్తయ్య నిలదీసింది.

"ఏం నాయనా, నీ యంత్రానికి ఒకటి తర్వాత రెండు రాదా?"

"వస్తుందమ్మా. కానీ దాని లెక్కలో చైర్మన్‌గారు ఇంకా మీట మీదనుంచి వేలు తీయలేదు."

"ఆయన తీసి పన్నెండు రోజులైందిగా," అన్నాను.

మాస్టారు బిందెల వరస చూపించారు. "నొక్కడం ఒక బిందె, వదలడం ఇంకో బిందె అనుకోండి. రెండూ వరసలో పెట్టాలి. యంత్రంలో అరవై నాలుగు గళ్ళున్నాయి. ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, లేకపోతే వరస మొదలేదో చివరేదో దానికి తెలియదు."

"పెద్దవాళ్ళెవరైనా వస్తే కూర్చోడానికేమో అనుకున్నా," అంది అత్తయ్య.

"మిగిలినవి అరవై మూడు. ఆ రోజు ఇంకా స్విచ్ వేయలేదు, బిందెలు వరసలో చేరుతున్నాయి గాని తీసేవాడు లేడు. చైర్మన్‌గారి నొక్కుడు ఒకటి. ముప్పై ఒక్క మంది నొక్కి వదిలినవి అరవై రెండు. వరస నిండిపోయింది. చైర్మన్‌గారు వేలు తీసిన సంగతి అరవై నాలుగో బిందె. దానికి చోటు లేదు. జారిపోయింది. టైపు చేసేటప్పుడు ఒక అక్షరం మీద వేలు ఉంచేస్తే అదే అక్షరం వరసగా పడుతూ ఉంటుంది చూడండి, అలా ఒకటో వార్డు పడుతూనే ఉంది. ఒక గడి ఖాళీ అయితే రెండు సెకన్లలో అదే వచ్చి దూరుతుంది."

"స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే?"

"ఆపినా అది మరిచిపోదమ్మా. ఒక్క నొక్కూ పోకూడదన్నారుగా, అలాగే తయారుచేశాను. ఎవరో ఒకరు ఆ ఒకటో మీట మీద వేలు పెట్టి తీస్తే చాలు. ఎవరి వేలైనా ఒకటే. కానీ అది పెట్టెలో ఉంది."

మాస్టారు ఊరుకోలేదు. నివేదిక రాశారు: "గౌరవ అధ్యక్షులు మీటపై నుంచి వేలు తీయవలసి ఉన్నది." కమిషనర్‌గారు అది చదివి కుర్చీలోంచి లేచారట.

"ఏమయ్యా, అధ్యక్షుడంతటివాణ్ణి తీయమని కాగితం మీద రాస్తారా? ఎన్నికలు వచ్చే ఏడే. నాకు బదిలీ, నీకు ఇంటికి దారి."

"మరెలా రాయమంటారు సార్?"

కమిషనర్‌గారు స్వయంగా కలం పట్టుకుని దిద్దారు: "గౌరవ అధ్యక్షులు తమ అమూల్యమైన వేలికి కొంత విశ్రాంతి ప్రసాదించవలెనని ప్రార్థన." రెండు రోజుల్లో కాగితం తిరిగొచ్చింది. అంచున చైర్మన్‌గారి చేతిరాత: "ప్రజాసేవలో విశ్రాంతి లేదు."

ఈ కాగితం సంగతి ఎలాగో బయటికి పొక్కింది. ప్రతిపక్ష నాయకుడు కౌన్సిల్లో బల్ల గుద్ది, "పద్దెనిమిది రోజులుగా ఈ మనిషి మీట మీద వేలు తీయలేదు, దీనికి సమాధానం చెప్పాలి" అన్నాడు. సమాధానం మర్నాడు గోడల మీద కనిపించింది. నిలువెత్తు చూపుడువేలు బొమ్మ, కింద "పద్దెనిమిది రోజులు. నిద్ర లేదు. తిండి లేదు. వేలు తీయలేదు." ఆఫీసు గుమ్మం మీద పెద్ద తెర పెట్టి, యంత్రం లెక్కను నేరుగా దానికి కలిపారు. నిరంతర సేవ: 19 రోజులు. 20. 21. దారినపోయేవాళ్ళు ఖాళీ బిందెలతో ఆగి చూసి, ఒకటి పెరిగిందని సంతోషించి వెళ్ళేవారు. ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు ఆ వేలు బొమ్మ ముందు నిలబడి, "చూడండమ్మా, గోరు కూడా పెరగలేదు. అదీ నిష్ఠ" అన్నారు.

నలభయ్యో రోజున ఉత్సవం నిర్ణయించారు. పట్టణంలో అందరికన్నా పెద్ద ముత్తవ్వ చేత మీటను పట్టుగుడ్డతో తుడిపించాలని. అందరికన్నా పెద్దామె ప్రతిపక్ష నాయకుడి అమ్మమ్మ అని తేలడంతో, వయసును మళ్ళీ లెక్కించి మా అత్తయ్యను పెద్ద చేశారు.

పిలుపు కాగితం చేతిలో పట్టుకుని అత్తయ్య మాస్టారిని కిందికి పిలిపించింది.

"పెట్టె తీస్తారన్నమాట. నొక్కి వదిలితే సరా?"

"ఎప్పుడు పడితే అప్పుడు వదిలితే కుదరదమ్మా. వరస నిండి ఉంది, మీ వేలు సంగతి కూడా జారిపోతుంది. చీటీ బయటికి వచ్చేటప్పుడు కిర్రుమంటుంది. అప్పుడొక గడి ఖాళీ. రెండు సెకన్లలోపల వదలాలి."

"సరిగ్గా పదకొండుకు ఒక చీటీ వస్తుంది అత్తయ్యా. మీరు గుడ్డతో అదిమి పెట్టి ఉంచండి," అన్నాను.

"నాకు చెప్తున్నావా? ఇద్దరి బిందెల మధ్య సందులో నా బిందె దూర్చి నలుగురు పిల్లల్ని పెంచాను," అంది అత్తయ్య.

ఉత్సవం ఘనంగా జరిగింది. పదకొండుకు అయిదు నిమిషాలుందనగా కమిషనర్‌గారు తాళం తీశారు. అత్తయ్య పట్టుగుడ్డ వేలికి చుట్టుకుని ఒకటో మీట మీద పెట్టింది. చైర్మన్‌గారు పక్కన నిలబడి కెమెరాల వైపు నవ్వారు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"చాలు పెద్దమ్మా," అన్నారు కమిషనర్‌గారు నెమ్మదిగా.

"ఉండు నాయనా, మరక పోలేదు."

"అక్కడ మరక లేదండీ."

"నీకు కళ్ళజోడు ఉంది, నాకు అనుభవం ఉంది."

చైర్మన్‌గారి నవ్వు బుగ్గల మీద గట్టిపడింది. "పెద్దమ్మకు నా మీద ఎంత అభిమానమో చూడండి" అన్నారు విలేకరులతో. అంతలో యంత్రం కిర్రుమంది. అత్తయ్య వేలు తీసింది.

ఏమీ జరగలేదు. తెర మీద నలభై అలాగే ఉంది. ఆమెకు ఫలకం ఇచ్చారు, ఫొటో తీశారు, పెట్టెకు తాళం వేశారు. ఇంటికొస్తూ నేను మాస్టారి ముఖం చూశాను.

"ముందు అరవై రెండు ఒకటో వార్డులు వెళ్ళాలి. అరగంటకొకటి. ముప్పై ఒక్క గంటలు. రేపు సాయంత్రం ఆరు," అన్నారాయన.

మర్నాడు ఆరింటికి నేను కూరల సంచీతో ఆఫీసు ముందున్నాను. తెర మీద నలభై ఒకటి వెలుగుతోంది. ఆరు కొట్టింది. సున్నా పడింది.

లోపలి గదిలో ఎవరో కుర్చీ తోసిన చప్పుడు. హాల్లో అప్పుడు ఒక్క పురుగు కూడా లేదని కాపలాదారు ప్రమాణం చేశాడు. పెట్టె తాళం వేసినట్టే ఉంది. ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేశారు. వారు హాలును, పెట్టెను, చైర్మన్‌గారి వేలును పరిశీలించి, "వేలు దానంతట అదే లేచినట్లు భావించవలసి ఉన్నది" అని నివేదిక ఇచ్చారు.

మా వీధికి ట్యాంకరు మూడో రోజు పొద్దున వచ్చింది. అత్తయ్య నాలుగు బకెట్లు పోసుకుంది. రెండు పాత బాకీ అంది.

చైర్మన్‌గారు మాత్రం కుంగిపోయారు. సున్నా చూసి ప్రతిపక్షం వీధుల్లో చప్పట్లు కొట్టింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, పాఠకులు చిరకాలం గుర్తుంచుకోవలసిన నిర్ణయం తీసుకున్నారు. ఇక యంత్రాన్ని నమ్మేది లేదు. తానే స్వయంగా కూర్చుని నొక్కుతారు. అద్దాల పెట్టె తీయించారు. పలక ముందు మెత్తటి కుర్చీ వేయించారు. మోచేతి కింద దిండు పెట్టారు. పొద్దున పదికి వచ్చి ఒకటో మీట మీద చూపుడువేలు ఆనిస్తే సాయంత్రం అయిదుకే తీస్తారు. గుమ్మం మీద తెర బదులు నల్లబల్ల పెట్టారు. రోజుల లెక్క పెద్ద గుమాస్తా సుద్దముక్కతో రాస్తాడు.

అప్పటి నుంచి పట్టణం ఎంత బాగుపడిందో చెప్పనలవి కాదు. కుడిచేయి ఖాళీ లేక చైర్మన్‌గారు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేకపోతున్నారు. సంతకాలన్నీ కమిషనర్‌గారే పెట్టడంతో ఆర్నెల్లుగా ఆగిపోయిన గొట్టాల పని మొదలైంది. ట్యాంకర్లు చెప్పిన వార్డుకు చెప్పిన పూట వస్తున్నాయి. ఒకటో వార్డులో ఎలాగూ వానలు వచ్చేదాకా సరిపడా నీళ్ళున్నాయి.

మొన్న నేను మా మీట నొక్కడానికి వెళ్ళాను. చైర్మన్‌గారు కొంచెం చిక్కారు గాని ముఖంలో తృప్తి ఉంది.

"ఏ వార్డమ్మా?"

"ముప్పై ఒకటండీ."

"నొక్కమ్మా, నొక్కు. భయం లేదు, నేను పట్టుకునే ఉన్నాను."

నొక్కి వదిలి, మా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. చీటీ కిర్రుమంది. ముప్పై ఒకటి. వంగి చీటీ తీసుకుంటుంటే, బల్ల కింద ఒకటో మీటనుంచి దిగిన ఎర్రతీగ కనిపించింది. దాన్ని శ్రద్ధగా చుట్టచుట్టి, ఎక్కడా కలపని కొసకు నల్లటేపు అంటించి, నేలమీద వదిలేశారు. తుడిచేవాళ్ళ కాలికి తగులుతుందని, చెప్పు కొసతో దాన్ని చైర్మన్‌గారి కుర్చీ కిందికి నెట్టి వచ్చాను.