మగ్గం గుంతలో కట్లపాము

నాకు మధ్యాహ్నం పూట ఒక గంట నిశ్శబ్దం కావాలి. ఇంతకు మించి జీవితంలో పెద్దగా ఏమీ కోరలేదు. గద్వాలలో సొంత ఇల్లు ఉంది, మగ్గం ఉంది, చేతినిండా చీరల పని ఉంది, వసంత ఉంది. చిక్కల్లా చివరి మూడూ ఒకే గదిలో ఉండటమే.

నేను మగ్గం మీద కూర్చుంటే, నా భార్య ఎదురుగా రాట్నం వేసుకుని కండెలకు నూలు చుడుతుంది. చుట్టడానికి చేతులు చాలు, నోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని ఆమె ఇరవై ఏళ్లుగా ఒక్క రోజూ వృథా కానివ్వలేదు. పొద్దున ఎదురింటి పెంటమ్మ కోడలితో మొదలైన కథ, మధ్యాహ్నానికి కల్వకుర్తిలో ఉన్న చిన్నమ్మ మోకాలి నొప్పి దాకా చేరుకుంటుంది. నేను అంచు పువ్వుకు పోగులు లెక్కపెడుతుంటాను. సరిగ్గా ఇరవై మూడు దగ్గర, "ఇంటున్నవా?" అంటుంది. మళ్లీ ఒకటి నుంచి.

నోరు తెరిచి అడగవచ్చు కదా అంటారు. అడిగితే ఆమె నిజంగానే మాట్లాడటం మానేస్తుంది. ఆ మానేయడం మాటలకంటే గట్టిగా వినిపిస్తుంది. నిజం చెప్పే ధైర్యం లేని నాలాంటివాళ్లు పథకాలు వేస్తారు.

పథకం ఇటిక్యాలలో దొరికింది. అక్కడ నా చిన్ననాటి స్నేహితుడు వెంకటన్న మిరప పండిస్తాడు. వాడు చెప్పే ప్రతి పాముకూ ఒక మూర ఎక్కువ ఉంటుంది. వేరుశనగ చేలో రక్తపింజరి కుక్కర్‌లా బుస కొట్టిందట. పంపు గదిలో నాగుపాము వాడికంటే ముందే వచ్చి వాడి దుప్పటి మీద పడుకుందట. ఒక రోజు నేను వెళ్తే, చేని గట్టు మీద పొడవాటి కుబుసం ఒకటి చూపించి, ఇది కట్లపాముది, అది కరిస్తే కరిచినట్టు కూడా తెలియదు అన్నాడు. నేను దాన్ని జాగ్రత్తగా టిఫిన్ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

మరునాడు కుబుసాన్ని మగ్గం పక్కన పరిచి, గొంతులోకి కొంచెం వణుకు తెచ్చుకుని వసంతను పిలిచాను. కట్లపామును చూశానని, నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు ఉన్నాయని, జరజరా గుంతలోకి దిగిందని చెప్పాను. ఆ తర్వాత అసలు మాటకు వచ్చాను: ఇకనుంచి నువ్వు ఈ గదిలోకి రాకు, రాట్నం వసారాలో వేసుకో.

వసంత వంగి కుబుసాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గుంతలకే వోయిందా?"

"నా కండ్లతోని జూసిన."

"మరి నువ్వు కాళ్లు యాడ వెడ్తవ్?"

మగ్గం ఎరగనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది గుంత మగ్గం. నేల మీద కూర్చుని, గుంతలోకి కాళ్లు దింపి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేయాలి. ఇంట్లో ఎన్ని కాళ్లున్నా ఆ గుంతలోకి దిగేవి నా రెండే. ఇల్లంతా వదిలేసి పామును నేను నా కాళ్ల కిందే పెట్టుకున్నాను.

నాకు భయం లేదన్నాను. అని, కూర్చుని కాళ్లు దింపాను. లేని పాము అది. దాన్ని పుట్టించినవాణ్ని నేనే. అయినా ఎడమ మడమకు చల్లగా ఏదో తగిలింది. అది చెక్కకు కట్టిన తాడు. తాడేనని తలకు తెలుసు. కాలు మాత్రం తలను నమ్మలేదు. మళ్లీ తెలివి వచ్చేసరికి నేను వసారాలో ఉన్నాను.

వసంత కొంగు నడుముకు దోపుకుంది. పొడుగాటి కట్టెతో గుంత నాలుగు మూలలా తట్టింది, టార్చి వేసి చూసింది, వెళ్లి మగ్గం మీద కూర్చుంది.

"నువ్వు పరేషాన్ గాకు. కండెలు సుట్టు. నేను నేస్త."

ఆమె పెరిగింది నల్లమల అంచున మన్ననూరులో. తండ్రి లింగయ్య అడవిలో వాచరు. వాళ్ల ఇంటి వెనుక ఎలుగుబంటి ఇప్పపువ్వు తిని పోయేదట, చిరుత ఒకసారి కుక్కను ఎత్తుకుపోయిందట. పెళ్లికి ముందు రెండేళ్లు కల్వకుర్తి చిన్నమ్మ దగ్గర నేత కూడా నేర్చుకుందట. ఇవన్నీ ఆమె ఇరవై ఏళ్లుగా నా ఎదురుగా కూర్చుని చెప్పినవే. నేను పోగులు లెక్కపెడుతూ విననివి.

నేను రాట్నం తిప్పడం మొదలుపెట్టాను. పది నిమిషాలకు గదిలో ఎవరో ఆగకుండా మాట్లాడుతున్నట్టు అనిపించింది. చూస్తే నేనే. వెంకటన్న మిరప తోట ముగించి, పంపు గదిలోని నాగుపాము దాకా వచ్చాను. ఇంకో మూర కూడా కలిపాను.

"ఇంటున్నవా?" అన్నాను.

"జర సప్పుడు జేయకు. పోగులు లెక్కవెడ్తున్న."

మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు ఇక ఉండలేక, పామూ లేదు గీమూ లేదని, అది వెంకటన్న గట్టు మీది కుబుసమని, ఒక గంట నిశ్శబ్దం కోసం ఇదంతా చేశానని చెప్పేశాను. ఆమె తల ఎత్తలేదు.

"తెల్సు. కట్లపాముకు నడుమీపు మీద పొలుసులు వెద్దగ, ఒక్క వరుసల ఉంటయ్. మా నాయిన సూపిచ్చిండు. గిది జెర్రిపోతుది. ఎలుకల్ని దింటది, దానికి విషమే ఉండదు."

"మరి మొదటి దినమే ఎందుకు జెప్పలే?"

"ఎందుకో గింత తిప్పల వడ్తున్నడు, సూద్దామనుకున్న." కండె పెట్టిన నాడెను పోగుల మధ్య ఇటు నుంచి అటు విసిరింది. "నువ్వు జెప్పిన సప్పుడు లేని గంట ఉన్నది సూడు, మంచిగనే ఉంటదయ్యా."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న హాయిని నేను ఎరుగుదును. నా కోసం నేను ఊహించుకున్నది అదే.

ఇప్పుడు పొద్దుటి పూట మగ్గం నాది. కబుర్లు యథాప్రకారం సాగుతాయి. వాటిని కాస్త వింటున్నాను కూడా, ముందు ముందు ఏది అవసరపడుతుందో తెలియదు కనుక. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మగ్గం వసంతది. రెండు కాగానే ఆమె ఆ కుబుసాన్ని తీసుకెళ్లి తలుపు మేకుకు తగిలిస్తుంది. అది వేలాడుతున్నంతసేపు నేను లోపలికి పోకూడదు.

వసారాలో రాట్నం తిప్పుతూ పెంటమ్మకు పాముల సంగతులు చెబుతుంటాను. నిన్న ఆమె మధ్యలోనే లేచి, పొయ్యి మీద పప్పు ఉందంటూ వెళ్లిపోయింది. పొద్దున్నే వాళ్లింట్లో వంట అయిపోతుందని నాకు తెలుసు.

మా ఇంట్లో రోజుకు ఒక గంట నిశ్శబ్దం ఖాయమైంది. తలుపు అవతల.