గుర్రానికి ముందు గ్రంథం

పిల్లలకు పార్కు కట్టడం శుద్ధ దండగ! పార్కు మీద పరిశోధన చేయడమే అసలైన దేశసేవ! నవ్వకండి. కట్టిన పార్కు నాలుగేళ్లకు తుప్పు పడుతుంది. పరిశోధనకు తుప్పు పడుతుందా? ఉయ్యాల మీంచి పడ్డ పిల్లలు మోకాళ్లు పగలగొట్టుకుంటారు. పరిశోధన మీంచి కిందపడ్డవాణ్ని మీరెప్పుడైనా చూశారా?

నమ్మకం కుదరకపోతే ఆళ్లగడ్డ శేషయ్య సంగతి వినండి.

శేషయ్య పెద్ద ఆసామి, పంచాయతీ మెంబరు. పందొమ్మిదివందల యాభై ఐదులో తన కూతురి బిడ్డ మహాలక్ష్మిని నంద్యాల ఎగ్జిబిషనుకు తీసుకుపోయాడు. ఐదేళ్ల పిల్ల. రంగులరాట్నంలో కొయ్యగుర్రం ఎక్కాలని వరుసలో నిలబడింది. తీరా వంతు వచ్చేసరికి ఆళ్లగడ్డ ఆఖరి బస్సు హారన్ కొట్టింది! దోవ పొడుగునా పిల్ల ఒకటే ఏడుపు.

"ఊరుకో తల్లీ. మన ఊర్లోనే నీకు గుర్రం పెట్టిస్తా. తిరిగే గుర్రం!" అని పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

కథ ఆడికే ఆగుంటే వడ్రంగి జకరయ్యను పిలిచి పని కానిచ్చేవాడే. ఖర్మ కాలి మర్నాడు పేపరు చదివాడు. అమెరికాలో పిల్లలు ఆడుకోవడానికని ఏకంగా ఒక ఊరే కట్టారట! కోటలట, పడవలట, రైలట! వాటికి డిజైనర్లని ప్రత్యేకంగా మనుషులున్నారట! శేషయ్యకు ఒళ్లు పులకరించింది. వారం తిరక్కుండా పంచాయతీ చేత ఆఫీసు పక్కన వేపచెట్టున్న ఖాళీ జాగా ఇప్పించుకుని, పార్కు కమిటీ వేయించి, దానికి తానే ప్రెసిడెంటయ్యాడు.

"ఏమయ్యా, ముందు ఆ యాపమానుకు తాడేసి ఉయ్యాలన్నా కట్టీ. బిడ్డ ఊగుతాంటాది" అంది భార్య రామసుబ్బమ్మ.

"ఉయ్యాల మొదట కనిపెట్టినోడు ఎవరో తెల్సునా నీకు? ఏందీ తెలీకుండా కట్టేసేదేనా? నలుగురు నవ్వరూ?"

రామసుబ్బమ్మకు తెలియదు. మీకు తెలుసా? చూశారా, పరిశోధన ఎంత అవసరమో!

శేషయ్య బస్సెక్కి నంద్యాల లైబ్రరీకి పోయాడు. "పార్కుల డిజైనర్ల మీద సాహిత్యం ఏముందప్పా?" అని లైబ్రేరియన్ యేసురత్నాన్ని అడిగాడు. యేసురత్నం ఎవర్నీ వట్టి చేతులతో పంపని మనిషి. మామిడి అంట్లు కట్టే పద్ధతి మీద ఒకటి, గుర్రాలకొచ్చే రోగాల మీద ఒకటి, సర్కసు లైసెన్సు నిబంధనల మీద ఒకటి తీసిచ్చాడు. శేషయ్య మూడూ బట్టీ పట్టాడు. ఆ తర్వాత చాన్నాళ్లు కమిటీ మీటింగుల్లో గుర్రాల కడుపునొప్పి తప్ప వేరే ముచ్చట లేదు.

అంతటితో ఆగాడా? 'పిల్లల ఊరి ప్రెసిడెంటు గారికి, అమెరికా' అని అడ్రసు రాసి జాబు పంపాడు. జవాబు లేదు. డోన్ జంక్షన్‌లో కాపు కాసి, రైలు దిగిన సూటుబూటు దొరనల్లా ఆపి "పార్కు డిజైనర్లు మీకెవరన్నా ఎరుకనా సార్?" అని అడిగాడు. ఒకాయన జాలిపడి అణా చేతిలో పెట్టి పోయాడు!

ఈలోగా రాష్ట్రం పేరు మారింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. శేషయ్య పరిశోధన మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. మహాలక్ష్మి సెలవులకు వచ్చినప్పుడల్లా "తాతా, గుర్రం యాడిదాకా వచ్చింది?" అనేది. "చదువుతాండా తల్లీ" అనేవాడు. పిల్లకు పాలపళ్లు ఊడాయి. తాతకు కళ్లద్దాలొచ్చాయి.

చివరికి ఊరు గొణగడం మొదలెట్టాక శేషయ్య తేల్చి చెప్పాడు. కొయ్యగుర్రమైతే చెదలు పడుతుంది. రాతికి ప్రాణం పోసే శిల్పులు ఆళ్లగడ్డలోనే ఉండగా పరాయి డిజైనర్లు మనకెందుకు? రాతిగుర్రం! కమిటీ చప్పట్లు కొట్టింది. గుర్రం తిరగాలన్న మాట ఏ గ్రంథంలోనూ లేదు గనక శిల్పికి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. గుర్రాన్ని నిలబెట్టే దిమ్మెకు అడ్డమని వేపచెట్టు కొట్టేశారు.

యాభై ఎనిమిదిలో గుర్రం దిగింది. అబ్బ, ఏం గుర్రం! సకిలిస్తుందేమోనని దారినపోయేవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు. అయితే శిల్పి చేతి నుంచి వచ్చిన రాయిని దణ్ణం పెట్టకుండా వదిలే అలవాటు ఆళ్లగడ్డలో ఎవరికీ లేదు. ముందు రామసుబ్బమ్మే పసుపు రాసి బొట్టు పెట్టింది. పక్కింటి జయలక్ష్మమ్మ దండేసింది. ఎవరో టెంకాయ కొట్టారు. సాయంత్రానికి కర్పూరం వెలిగింది. వారానికి ఇనుప కంచె, దాని మీద బోర్డు: 'పిల్లలు గుర్రము ఎక్కరాదు'.

మహాలక్ష్మి కొత్త పరికిణీ కట్టుకుని పరుగున వచ్చింది. కంచె సందులో దూరి కాలెత్తిందో లేదో, "కాలు తియ్యే! కండ్లు పోతాయ్!" అని అవ్వ రామసుబ్బమ్మ అరిచింది.

పిల్ల కాలు దించి తాత వైపు చూసింది. "తిరిగే గుర్రమంటివి కదా తాతా?"

శేషయ్య చదివిన గ్రంథాలన్నీ మనసులో తిరగేశాడు. ఒక్కదాంట్లోనూ జవాబు లేదు. పిల్ల ముఖం చూడలేక బోర్డు వైపు తిరిగాడు.

"అది దేవుడైపాయె తల్లీ. ఇంగ తిరగదు. నువ్వే దాని సుట్టూ మూడు సుట్లు తిరుగు."

ఆహా! చూశారా? అమెరికాలో గుర్రాలను తిప్పడానికి ఇంజను కావాలి, కరెంటు కావాలి. మన ఆళ్లగడ్డ పార్కులో గుర్రం కదలదు, పిల్లలే చేతులు కట్టుకుని దాని చుట్టూ తిరుగుతారు! ఇంత చౌకైన రంగులరాట్నం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

మొన్న శేషయ్య నంద్యాల బజార్లో కనిపించాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా, ఏ గ్రంథమూ తిరగేయకుండా, ఉయ్యాలకు గట్టి తాడు కొన్నాడు. తీసుకుపోయి పార్కులో నిలబడ్డాడట. కట్టడానికి అక్కడ చెట్టు లేదు.