లబ్ధిదారు దగ్గింది

వడ్రంగికి చావంటే భయం లేదు, పన్నంటేనే భయం. చావు మనిషికి ఒకసారే వస్తుంది, పన్ను ఏటేటా వస్తుంది అనేవాడు. శవపేటికలు చేయడం అతని పని. ముందుగది కార్ఖానా, వెనకగది కాపురం. రంపపు పొట్టుకి మాత్రం ఆ తేడా తెలియదు. అన్నంలోనూ, పక్కలోనూ, మూడేళ్ల బుజ్జిదాని గుండెల్లోనూ చొరవగా చేరిపోయేది.

పిల్ల దగ్గినప్పుడల్లా భార్య ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేది. మూలనున్న చిన్న పెట్టెలు కంటపడకుండా గోడవైపు తిరిగి నడిచేది. పెరట్లో షెడ్డు వేసి పని అక్కడికి మార్చమని ఏడాదిగా పోరుతోంది. పన్ను మిగిలితే షెడ్డు అని అతడూ ఏడాదిగా అంటున్నాడు.

సేవాసంస్థలకు పన్నుండదని ఎవరో అతని చెవిన వేశారు. వారం తిరక్కుండా గుమ్మానికి ‘దిక్కులేని శవాల సేవాసంఘం’ అని బోర్డు వేలాడింది. అధ్యక్షుడు తను, కార్యదర్శి భార్య. పన్ను మినహాయింపు దరఖాస్తు మీద ఆమె సంతకం పెట్టనంది.

"ఆ రోజు బుజ్జిదానికి ఊపిరాడక ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తాం. ముక్కుకి పెట్టిన ఆ గాలి ఎవరి పన్నుతో వచ్చిందండీ?"

"ఊరంతా కడుతోందిగా. మనమొక్కళ్లం మానేస్తే సిలిండరు ఖాళీ అయిపోతుందా?"

"ఊరంతా మీలాగే బోర్డు కడితే?"

"ఊరందరికీ నా అంత తెలివి ఎక్కడేడిచింది?"

నిజంగా సేవ చేసేవాళ్లకి పన్ను వదిలేస్తే వదిలేయనీ, మనం ఎవరికేం చేశామని ఆమె అడిగింది. చేస్తామని చెప్పడమూ సేవేనన్నాడు. చివరికి షెడ్డు వేస్తానని పిల్ల మీద ఒట్టు వేయబోయాడు. ఆ ఒట్టు వినలేక సంతకం పెట్టేసింది.

తనిఖీకి మున్సిపాలిటీ పన్నుల అధికారి వచ్చాడు. మనిషి పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వడ్రంగి అలవాటు కొద్దీ కళ్లతోనే కొలత తీసుకున్నాడు.

ఉచితంగా ఇచ్చిన పెట్టె ఒక్కటి చూపించమన్నాడు అధికారి. ఇచ్చినవి మట్టిలో ఉంటాయి కదా అన్నాడు వడ్రంగి. పోనీ ఇవ్వబోయేది చూపించమన్నాడాయన. వడ్రంగి గొంతు బొంగురు చేసుకుని, మూలనున్న చిన్న పెట్టె దిక్కులేని పసివాళ్ల కోసమని చెప్పాడు.

అప్పుడే వెనకగదిలోంచి భార్య మందు చెంచాతో వచ్చింది. మందంటే జడిసి పిల్ల ఎక్కడో నక్కింది, ఎంత వెతికినా కనబడలేదు.

పెట్టె దగ్గింది.

అధికారి మూత జరిపాడు. ఒళ్లంతా పొట్టుతో బుజ్జిది లేచి కూర్చుంది.

"మీ లబ్ధిదారు ఇంకా దగ్గుతోందే" అన్నాడాయన.

చెంచా కిందపడింది. భార్య పిల్లను లాగి గుండెకి హత్తుకుంది.

"ఇక్కడ సేవేమీ జరగట్లేదండీ. దిక్కులేనిది ఇదొక్కతే."

అధికారి దరఖాస్తు కొట్టేశాడు. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఈ కోత పని కుదరదనీ, పది రోజుల్లో బయటికి మార్చకపోతే తాళం వేయిస్తాననీ అన్నాడు.

"ఆ ముక్క కాగితం మీద రాసిస్తారా?" అంది భార్య.

షెడ్డు లేచింది. అమ్ముడుపోని పెట్టెల పలకలే గోడలు, సేవాసంఘం బోర్డే తలుపు. పాతా కొత్తా కలిపి వడ్రంగి పన్నూ కట్టాడు. చిన్నపెట్టెల చోట బుజ్జిది పడుకుంటోంది, దగ్గు కాస్త నెమ్మదించింది.

వానలు పట్టాక ఆ దగ్గు వడ్రంగిని చేరింది. ఒకరోజు ఛాతీ పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు.

"ఏమే, ఊపిరి అందట్లేదే."

భార్య గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

"లేవండి, ఆసుపత్రికి వెళదాం. పన్ను కట్టాంగా."