చిక్కు విప్పే చదువు

ఆ ఊళ్ళో ఏ తల్లికీ, ఏ తండ్రికీ ఇంతవరకూ మామూలు పిల్ల పుట్టలేదని పాఠక మహాశయులకు ముందుగా మనవి. పుట్టినవాళ్ళందరూ మేధావులే. వాళ్ళంతా పెరిగి ఏమైపోతున్నారో, ఆఫీసుల నిండా మనలాంటివాళ్ళే ఎందుకు కూర్చుని ఉంటున్నారో పరిశోధకులు తేల్చవలసి ఉంది.

అట్టి మేధావుల్లో ఒకతె తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు గారి కూతురు. ఎనిమిదేళ్ళది. రోజంతా ప్రశ్నలతో చెవి దగ్గర రొద పెడుతుంది కనక ఇంట్లో దాన్ని కందిరీగ అంటారు. ఉన్నట్టుండి దానికో కోరిక పుట్టింది. చెరువులో ఒక చేపని పట్టాలి, దాని మొహం దగ్గరగా చూడాలి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. అంతే. ఆదివారం తీసుకెళతానని మేనమామ మాటిచ్చాడు. ఈ మేనమామకి ఉద్యోగం లేదు గానీ చెరువు గట్టున పడుకోవడంలో గట్టి అనుభవం ఉంది. ఆ సంగతి ఇన్‌స్పెక్టరు గారు భోజనాల దగ్గర భార్యకి రోజూ గుర్తు చేస్తూ ఉండేవారు.

శనివారం సాయంత్రం తండ్రీ కూతురూ ఆటసామాన్ల కొట్టుకి వెళ్ళారు. గాలపు కర్రకి బిగించే, దారం చుట్టుకునే రీళ్ళన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. కొట్టు యజమాని మూత ఉన్న నీలం రీలు ఒకటి తీసి పిల్ల చేతికిచ్చాడు. చిన్న అరచేతిలో ఇమిడిపోయింది. మీట నొక్కి పట్టుకుని, కర్ర విసిరి, వేలు తీసేస్తే చాలు, దారం దానంతటదే పోయి నీళ్ళలో పడుతుంది. దారమంతా మూత లోపలే ఉంటుంది కనక చిక్కుపడే బెడద తక్కువ. కందిరీగ మీట నొక్కింది, వదిలింది. టిక్కుమంది.

"నాన్నా, ఇదే! నాకిదే కావాలి!" అని గంతులేసింది.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. ఖర్మకాలి ఇన్‌స్పెక్టరు గారికి చదువొచ్చు. రీలు డబ్బా మీద రాసింది చదివారు. "కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం" అని ఉంది. ఆయన మొహం మాడిపోయింది. ఉద్యోగమంతా దొంగ తూకాలు పట్టుకున్న మనిషి, కన్నకూతుర్ని ఎవరో ఇంత తక్కువ తూస్తే సహించగలరా?

"కొత్తగా ఏమిటండీ? మా అమ్మాయి మీ కంటికెలా కనబడుతోంది?"

"ఇంతకు ముందెప్పుడైనా గాలం వేసిందాండీ?"

"వెయ్యలేదు. అంతమాత్రానికే కొత్తదంటారా?"

అదే సమయానికి పక్కింటి పళ్ళ డాక్టరు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, నడిసముద్రంలో పెద్ద చేపల్ని లాగే రీలు కొన్నాడు. కొడుకు దాన్ని మొయ్యలేక పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. "ఇంతకంటే తక్కువదైతే మావాడికి బోరు కొడుతుందండీ," అంటూ డాక్టరు నీలం డబ్బా కేసి జాలిగా చూశాడు.

తిట్టినా ఓర్చుకోవచ్చు గానీ, పక్కింటివాడు జాలిపడితే ఎలా ఓర్చుకోవడం? ఇన్‌స్పెక్టరు గారు అక్కడికక్కడే పోటీలవాళ్ళు వాడే రీలు కొన్నారు. దానికి మూత ఉండదు. విసిరేటప్పుడు చక్రాన్ని బొటనవేలితో ఒడుపుగా అదిమి పట్టాలి, లేకపోతే చక్రం దారం కన్నా జోరుగా తిరిగి మొత్తం చిక్కుపడుతుంది. కందిరీగ బొటనవేలు చక్రం దాకా అందలేదు. "ఎదిగే పిల్ల, అదే అందుకుంటుంది," అన్నారు తండ్రిగారు. పిల్ల వెనక్కి తిరిగి నీలం రీలునే చూస్తూ కొట్టు మెట్లు దిగింది.

ఆదివారం పొద్దున చెరువు గట్టు మీద ఊళ్ళోని మేధావులందరూ బారులు తీరారు. అందరివీ పెద్ద రీళ్ళే. కాసేపటికి గట్టంతా దారపు ఉండలయింది. ఒక గాలం చెట్టుకొమ్మకి, ఇంకోటి ఎవరి నాన్న చొక్కాకో, పళ్ళ డాక్టరు కొడుకుది పళ్ళ డాక్టరు టోపీకి తగులుకున్నాయి. చేపలు మాత్రం క్షేమం. కందిరీగ రీలు కాకిగూడులా తయారైంది. విప్పబోయి, విప్పబోయి, తలప్రాణం తోకకొచ్చి, "నాకు నీలంది కావాలీ," అని రాగం అందుకుంది.

గట్టున పడుకున్న మేనమామ లేచి కూర్చున్నాడు. ఆ దృశ్యం అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు.

"ఏడవనివ్వండి బావగారూ. చిక్కుపడటం తప్పు కాదు, విప్పటం రాకపోవటమే తప్పు. మన పిల్లలకి పునాది లేదండీ, పునాది!"

ఆ మాట వినగానే గట్టు మీది తండ్రులందరికీ గుండెల్లో రాయి పడింది.

నెల తిరక్కుండా అదే గట్టు మీద రేకుల షెడ్డు లేచింది. పేరు చిక్కు విజ్ఞాన కేంద్రం. నిన్నటిదాకా "మీ తమ్ముడు" అనిపించుకున్న మేనమామ నేడు డైరెక్టరు గారయ్యారు. ప్రారంభోత్సవంలో ఆయన ఇలా సెలవిచ్చారు:

"తల్లిదండ్రులారా! చేపని ఎవడైనా పడతాడు. కొంగ కూడా పడుతుంది. ఏ కొంగకైనా ర్యాంకొచ్చిందా? మన పిల్లలు కొంగలా? ముందు చిన్న ముడి, తరవాత పెద్ద ముడి, ఆపైన ముడిలో ముడి. చేప సంగతి తరవాత! చెరువు కనబడితే ఏకాగ్రత చెడుతుంది కనక షెడ్డుకి అటు వైపు కిటికీలు పెట్టించలేదని సంతోషంతో తెలియజేస్తున్నాను."

చప్పట్లు మిన్నంటాయి. పిల్లలు పగలంతా విప్పిన దారాన్ని సాయంత్రం మళ్ళీ చిక్కు వెయ్యడానికి పట్టభద్రుల్ని నియమించారు. ఆ విధంగా నిరుద్యోగ సమస్య కూడా కొంత తీరింది.

కొట్టు యజమాని మాత్రం తక్కువ తిన్నాడా? మిగిలిపోయిన నీలం డబ్బాల మీద కొత్త కాగితం అంటించి, "బాధ్యతలతో అలసిన పెద్దల కోసం" అని రాయించి, షెడ్డు బయట పడిగాపులు పడే తండ్రులకి అమ్మేశాడు. ఇన్‌స్పెక్టరు గారూ ఒకటి కొన్నారు. మీట నొక్కారు, విసిరారు, వదిలారు. టిక్కుమంది. కాసేపటికి కర్ర వంగింది. చేపొకటి తళతళలాడుతూ పైకొచ్చి, గుండ్రటి కళ్ళేసుకుని, నోరు తెరిచి ఆయన్నే చూసింది. ఆయన పిల్లని పిలుద్దామని సగం లేచారు కూడా. కానీ లోపల ముడిలో ముడి పాఠం జరుగుతోంది. మధ్యలో లేపితే పళ్ళ డాక్టరు కొడుకు ముందుకు పోడూ? చేపని బుట్టలో వేసి, ఎర గుచ్చి, మళ్ళీ విసిరారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత హాయి ఎరగరు.

"పిల్లల కోసం ఎంత త్యాగం చేస్తున్నామండీ!" అన్నారు నిట్టూర్చి. పక్కన కూర్చున్న పళ్ళ డాక్టరు తన గాలం మీంచి చూపు తిప్పకుండా తల ఊపాడు.

ఏడాది తిరిగింది. కందిరీగకి మొదటి ర్యాంకు వచ్చింది. ఇప్పుడది ఏ ప్రశ్నా వెయ్యదు. నిద్రలో కూడా దుప్పటి అంచు పీకుతూ ఉంటుంది. ఇంట్లో రొద లేదని, పిల్లకి ఏకాగ్రత కుదిరిందని తల్లి మురిసిపోయింది.

షెడ్డులో సన్మానం చేసి, మెళ్ళో పతకం వేసి, అందరికీ విందు పెట్టారు. తండ్రులు పట్టిన చేపల్నే వేయించి వడ్డించారు. కందిరీగ తన కంచంలోని ముక్కని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎన్నాళ్ళకో నోరు తెరిచింది.

"నాన్నా, దీని మొహం ఏదీ?"

"తలలు తీసేశారమ్మా. తిను."

"ఒక్కసారి చూసి వదిలేస్తానన్నాను కదా నాన్నా..."

"తల మన సిలబస్‌లో లేదు తల్లీ," అన్నారు డైరెక్టరు మేనమామ, ముల్లు నోట్లోంచి తీస్తూ. "పై కోర్సులో పెట్టే విషయం ఆలోచిద్దాం."

కందిరీగ తల వంచుకుని, ముక్కలోంచి ముల్లు వెంట ముల్లు విరగకుండా లాగి, కంచం అంచున వరసగా పేర్చుకుంటూ పోయింది. ముక్క మీద కన్నీళ్ళు పడుతున్నాయి. "చూశారా, చెయ్యి ఎలా తిరిగిందో!" అని ఇన్‌స్పెక్టరు గారు పక్కవాళ్ళని పొడిచి మరీ చూపించారు.

కొత్త సంవత్సరానికి ప్రవేశాలు మొదలయ్యాయి. సీట్లు తక్కువ, పాఠకులు త్వరపడాలి. కొత్తగా నేర్చుకునే పిల్లల్ని మాత్రం చేర్చుకోరు. దానికి మీరు దిగులు పడనక్కరలేదు లెండి. మీ పిల్లలు ఆ బాపతు కారని మీ మొహాలే చెబుతున్నాయి.