కల్వకుర్తిలో అరబ్బు పరీక్ష

మనిషి తానెవరో తానే చెప్పుకుంటే చాలదని, దానికొక అధికారి ఉండాలని సర్కార్లు ఏనాడో కనిపెట్టాయి. ఆ జ్ఞానం మా కల్వకుర్తి దాకా రావడానికి మాత్రం పోలీసు యాక్షన్ జరగాల్సి వచ్చింది.

అంతకుముందు ఈ విద్యలో మేం వెనకబడి ఉండేవాళ్లం. నిజాం కాలంలో అరబ్బు అంటే దొర గడి ముందు తుపాకీతో నిలబడేవాడు. రోహిల్లా అంటే అప్పిచ్చి, వసూలుకు వాకిట్లో కూర్చునేవాడు. పఠాన్ అంటే పిల్లలను పడుకోబెట్టడానికి పనికొచ్చే పేరు. యూనియన్ సైన్యం వచ్చాక మాటలు అవే, అర్థాలే మారాయి. ఈ ముగ్గురూ బయటివాళ్లు. క్యాంపులో పెట్టి దేశం దాటించాలి. దక్కనీ అయితే ఇక్కడివాడు, ఇంటికి పోవచ్చు. (దక్కనీ అనే మాట మా ఊళ్లో అప్పటిదాకా ఎవరూ వినలేదు. మేమెవరమో మాకు తెలియదని దాంతో రుజువైంది.)

తేల్చడానికి మద్రాసు వైపు నుంచి జాతి విచారణాధికారి వచ్చాడు. ఆయన శాస్త్రం సులువైనది. గడ్డం ఛాతీ దాటితే అరబ్బు. గుమ్మానికి తల తగిలితే పఠాన్. రోహిల్లాకు కోపమెక్కువ కాబట్టి మనిషిని ఎండలో నిలబెట్టి కోపం వస్తుందేమో చూడాలి. (రాకపోతే దాచుకుంటున్నట్టు లెక్క.)

మా పక్కింటి చోటే మియా దూది ఏకేవాడు. గడ్డం మొలవదు, గుమ్మం అందదు, కోపం ఇంట్లో భార్య గులాబ్‌బీకి తప్ప లేదు. అయినా అరబ్బుగా పట్టుబడ్డాడు. కారణం కూతురి సంబంధం. పిల్లను ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రెండు వైపులవాళ్లూ ముత్తాతలను పొగుడుకోవడం వాళ్లలో ఆనవాయితీ. చోటే మియా ముత్తాత అరబ్బు దేశం నుంచి గుర్రమెక్కి వచ్చాడు. పిల్లగాడి తండ్రి, గాజులమ్మే బాబా మియా ముత్తాత కాబూల్ నుంచి కత్తితో దిగాడు. పట్వారీ రఘుపతి తాంబూలం నములుతూ అంతా విన్నాడు. అధికారి "మీ ఊళ్లో విదేశీయులున్నారా?" అని అడిగితే ఉన్నారని చెప్పి, ఇద్దరినీ అప్పగించాడు.

క్యాంపులో వియ్యంకులిద్దరూ ఒకే వరుసలో కూర్చున్నారు. గులాబ్‌బీ ఇంటికి తాళం వేసి, కూతురితో వచ్చి కంచె బయటే పొయ్యి పెట్టుకుంది. పెనిమిటిని ఓడ ఎక్కిస్తారని ఆమె భయం.

నేనూ ఆమెకు తోడుగా వెళ్లి, విచారణ ముగిసేదాకా అక్కడే ఉన్నాను. ఒకరోజు చోటే మియా వంతు వచ్చింది.

"నువ్వు అరబ్బువే కదయ్యా?" అన్నాడు అధికారి.

"కాదు సారూ, దూదేకులోన్ని. జర నా మొకం జూడు."

"సంబంధం మాట్లాడేటప్పుడు నువ్వే చెప్పావట!"

"పెండ్లి మాట సారూ అది. పెండ్లి మాటల్ల ఎవడన్న నిజం జెప్తడా?"

అరబ్బులు అబద్ధాలాడతారని అధికారి రాసుకున్నాడు.

బాబా మియా ఉండబట్టలేకపోయాడు. "ఏం బావా, గుర్రం ఏడికి వోయె?"

"నీ కాబూల్ ఏడికి వోయిందో గాడికే వోయింది."

కంచె బయటి నుంచి గులాబ్‌బీ అరిచింది. "గిప్పుడు గూడ సోకులేనా? మీ తాత పేరు జెప్పి సావరాదు!"

చోటే మియా బాబా మియా వైపు చూశాడు. చెబితే సంబంధం పోతుంది, చెప్పకపోతే ఊరే పోతుంది. తల దించుకుని అన్నాడు: "మా తాత మైసయ్య, సారూ."

బాబా మియా గొంతు సవరించుకున్నాడు. "రాసుకో సారూ, మా తాత గుర్వయ్య. ఇద్దరు గొర్రెలు గాసిన్రు, మా ఊర్లెనే."

"అయితే మీరు హిందువులా?"

"గది గూడ మీరే తేల్చాలె సారూ."

అది తన శాఖ కాదన్నాడాయన. నెల రోజుల విచారణ తర్వాత ఇద్దరూ దక్కనీలని, నిరపాయకరమైన జాతి అని తేల్చి వదిలేశాడు. అబద్ధాలేవీ మిగలలేదు కాబట్టి సంబంధం కూడా ఖాయమైంది.

సంతోషంగా బండి కట్టుకుని ఊరికొచ్చాం. రజాకార్ల మీది కసిని ముస్లింల ఇళ్ల మీద తీర్చుకుంటున్న రోజులవి. చోటే మియా ఇల్లున్న జాగాలో నల్లటి గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. దూది ఏకే విల్లు బొగ్గయింది.

గులాబ్‌బీ నా వైపు తిరిగింది. "అక్కా, కాలవెట్టేటోళ్లు మేం అరబ్బులమా, దక్కనీలమా అని ఎవర్నన్న అడిగిన్రో లేదో?"

అడిగి ఉండరు. మా ఊళ్లో అంత చదువుకున్నవాళ్లు లేరు.