గేటు దగ్గర ఎన్ని అంగుళాలు

ఆ ఉదయం ఎలినెడ్ ప్రిచర్డ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకల్లా బడికి చేరాలి, గదులు వేడెక్కడానికి బాయిలర్ వెలిగించాలి, గేటు స్తంభం దగ్గర మంచు ఎంత ఉందో కొలవాలి, బడి తెరవాలి. కొలత ఎంత వచ్చినా తెరవాలనే ఆవిడ ఇంట్లోంచి బయలుదేరింది.

వేల్స్ కొండల్లోని నాంట్‌గ్లాస్ ఊరి ప్రాథమిక పాఠశాలకు ఆవిడ పందొమ్మిదేళ్లుగా ప్రధానోపాధ్యాయురాలు. నలభై ఒక్కమంది పిల్లలు, కింద పట్నం నుంచి వచ్చే ఇద్దరు టీచర్లు, వంటకు మైర్. ఇన్నేళ్లలో మంచు పడిందని ఒక్కరోజు కూడా తలుపు మూయలేదు. శీతాకాలంలో కొండమీది పిల్లలకు గొర్రెలు తప్ప తోడుండవని, కొందరికి బడిలో పెట్టేదే ఆ రోజుకు వేడి భోజనమని ఆవిడ వాదన.

బడి కమిటీ అధ్యక్షుడు గొరాన్వీ బెవన్‌ది దానికి పూర్తిగా ఎదురు వాదన. గొర్రెల రైతు. మూడేళ్ల కిందట బడి బస్సు వంతెన దగ్గర జారి కాలువలోకి దిగితే ట్రాక్టరు కట్టి పైకి లాగింది ఆయనే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ బస్సు కిటికీలోంచి చూస్తున్న మనవరాలు లౌరీ ముఖం ఆయనకు ఇంకా గుర్తుంది.

ఇద్దరూ ఒకప్పుడు ఇదే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. అందుకని కమిటీలో మర్యాదలు అడ్డురావు.

"మనం చదువుకున్నప్పుడు నడుములోతు మంచులో రాలేదా?" అంది ఎలినెడ్ కిందటి సమావేశంలో.

"నువ్వొచ్చావు. నేను దారిలో ఆగి జారుడుబండ ఆడుకున్నాను" అన్నాడు గొరాన్వీ.

రెండు గంటలు పోట్లాడాక ఒక రూలు కుదిరింది. ఉదయం ఏడింటికి గేటు స్తంభం దగ్గర మంచు ఆరంగుళాలు దాటితే సెలవు, దాటకపోతే బడి. ఎవరు కొలవాలో రాసుకోవడం మాత్రం అందరూ మరిచిపోయారు.

ఎలినెడ్ స్కేలు గుచ్చి చూసింది. ఆరున్నర అంగుళాలు. ఆవిడ రోడ్డుకు అటూ ఇటూ చూసింది. 'ఇది కురిసింది కాదు, గాలికి పోగుపడింది' అని తనకు తాను నచ్చజెప్పుకొని బూటుతో కొంచెం పక్కకు నెట్టింది. ఐదు. లోపలికి వెళ్లి మైర్‌కు ఫోను చేసింది. ఇలాంటి రోజుల్లో ఇంటింటికీ ఫోను చేసి చెప్పడం మైర్ పనే.

"ఐదే అంగుళాలు. బడి ఉందని అందరికీ చెప్పెయ్."

"మా గుమ్మంలో మోకాలిలోతుంది మిస్."

"మీ గుమ్మం బడి గేటు కాదుగా."

మైర్ జాబితా ముందేసుకుంది. అందులో పదకొండుమంది జోన్స్‌లు. పోస్టు జోన్స్, రొట్టెల జోన్స్, గడియారాల జోన్స్ అంటూ సగం ఇళ్లకు చెప్పేసరికి పొయ్యి వెలిగించే వేళయింది. మిగతా ఇళ్లకు ఆ నోటా ఈ నోటా తెలుస్తుందిలే అనుకొని బడికి బయలుదేరింది.

ఏడింటికి పది నిమిషాల ముందు గొరాన్వీ గేటు దగ్గరకు వచ్చాడు. స్తంభం పక్కన గీరిన మంచు, పక్కనే బూటు గుర్తు. అదెవరి బూటో తేల్చడానికి ఆయనకు పోలీసులు అక్కర్లేదు. తోసిన మంచును పారతో తిరిగి స్తంభం దగ్గర వేశాడు. కోపం చల్లారక మరో రెండు పారలు వేశాడు. తొమ్మిదంగుళాలు. ఎదురుగా ఉన్న ఫోను బూతులోకి వెళ్లి, కమిటీ అధ్యక్షుడి హోదాలో స్థానిక రేడియోకు ఫోను చేశాడు. ఏడున్నర వార్తల్లో నాంట్‌గ్లాస్ బడికి సెలవని చదివారు. పట్నంలో ఇద్దరు టీచర్లు ఆ మాట విని మళ్లీ దుప్పటి కప్పుకున్నారు.

ఎనిమిదిన్నరకు రొట్టెల జోన్స్ ఇద్దరు పిల్లలతో గేటులోకి వచ్చాడు.

"రేడియో లేదంటోంది, మైర్ ఉందంటోంది. ఏది నిజమో అడిగి పోదామని వచ్చాను మిస్."

"ఫోను చెయ్యాల్సింది."

"చేశాను. ఎంతసేపు చేసినా ఎంగేజే."

నిజమే. ఊరంతా అదే పని మీద ఉంది. ఫోను దొరక్క అందరూ స్వయంగా అడగడానికి బయలుదేరారు. పిల్లల్ని ఇంట్లో వదల్లేరు కాబట్టి వెంట తెచ్చుకున్నారు. మామూలు రోజుల్లో జలుబనో కడుపునొప్పనో నలుగురైనా మానేసే బడికి, ఆ రోజు నలభై ఒక్కమందీ వచ్చారు. వాళ్లతో ఇరవై ఆరుమంది తల్లిదండ్రులు, నలుగురు అమ్మమ్మలు, మూడు కుక్కలు.

కొండమీద నుంచి గొరాన్వీ ఈ గుంపును చూశాడు. అందరినీ వెనక్కు పంపాలని ట్రాక్టరు మీద దూసుకొచ్చాడు. గేటు దగ్గర తిప్పబోతే చక్రాలు జారి, ట్రాక్టరు అడ్డంగా తిరిగి రెండు స్తంభాల మధ్య బిగుసుకుపోయింది. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. లోపల తొమ్మిది కార్లు, బయటకు అదొక్కటే దారి. అప్పుడే మంచు మళ్లీ మొదలైంది.

"గేటు మూసేశావు గొరాన్వీ" అంది ఎలినెడ్.

"మూసెయ్యమనే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది" అన్నాడు గానీ, ఆయన గొంతులో బలం లేదు.

"సరే, దిగు. టీచర్లు రాలేదు. చిన్నపిల్లల తరగతి నీది."

"నాకేం వచ్చని?"

"వచ్చింది చెప్పు."

గొరాన్వీ టోపీ తీసి చేతిలో నలుపుతూ తరగతిలో నిలబడ్డాడు. తనకు వచ్చిందల్లా గొర్రెలే.

"మంచు కింద కూరుకుపోయిన గొర్రె చాలా రోజులు బతుకుతుంది. ఊపిరి వేడికి పైన చిన్న కన్నం పడుతుంది. చుట్టూ మంచు పసుపు తిరుగుతుంది. కుక్కకు ఆ గుర్తు చాలు."

"మరి తిండో?" అంది లౌరీ.

"ఒంటిమీది ఉన్నే నములుతుంది."

"బాగుంటుందా తాతా?"

"నేనెప్పుడూ తినలేదమ్మా."

"తినకుండా పాఠం ఎలా చెబుతున్నావు?"

అరగంటలో బల్లల కింద గొర్రెలుగా పిల్లలు, వాళ్లమీద మంచుకు బదులు చలికోట్ల కుప్పలు, వెతకడానికి మూడు కుక్కలు. గొరాన్వీ ముఖం విచ్చుకుంది. తన మాటకు ఇరవైమంది నోళ్లు తెరుచుకొని చూడటం ఆయన జీవితంలో అదే మొదలు. ఇంట్లో అలా ఎవరూ వినరు.

హాల్లో ఎలినెడ్‌కు పెద్దవాళ్లు దొరికారు. చిన్న కుర్చీల్లో పెద్ద తండ్రులు కూర్చుంటే నాలుగు కుర్చీలు విరిగాయి. పాఠం ఎలా చెప్పాలో తల్లులు సలహాలిచ్చారు. ఒక అమ్మమ్మ లేచి నల్లబల్ల మీద ఎలినెడ్ రాసిన మాటలో అక్షరం దిద్దింది. ఆవిడ దిద్దిందే ఒప్పు కావడం ఎలినెడ్‌కు ఇంకా కష్టంగా అనిపించింది. మధ్యాహ్నం వంటింట్లోంచి మైర్ తల బయటపెట్టింది.

"సూపులో రెండుసార్లు నీళ్లు పోశాను మిస్. ఇంకోసారి పోస్తే దాన్ని సూపనకూడదు."

మూడింటికి మంచు తోసే బండి వచ్చి ట్రాక్టరును లాగింది. అందరూ క్షేమంగా ఇళ్లకు వెళ్లారు. అప్పటికి ఎలినెడ్ గొంతు పూర్తిగా పోయింది.

మర్నాడు ఏడింటికి ఆవిడ సెలవు కాగితం అతికించడానికి వచ్చేసరికి, గొరాన్వీ పారతో స్తంభం చుట్టూ శుభ్రం చేస్తున్నాడు.

"నాలుగే" అన్నాడు హుషారుగా.

"రేడియోకు ఆరింటికే చెప్పించాను. సెలవు" అని గుసగుసగా అంది.

"మతి గాని పోయిందా నీకు? పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఇవాళ గొర్రె ఎలా ఈనుతుందో చెబుతానన్నాను."

"అందుకే."

ఇంటికి వెళ్లి, పందొమ్మిదేళ్ల పట్టుదలను తన చేత్తోనే పాడుచేసుకున్నందుకు బాధపడదామని కూర్చుంది గానీ, నిద్ర ముంచుకొచ్చింది.

మూడు వారాలకు జిల్లా విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ మంచురోజున జిల్లా మొత్తంలో పిల్లలందరూ హాజరైన బడి నాంట్‌గ్లాస్ ఒక్కటేనట. మంచులో బడి నడపడమెలాగో ప్రధానోపాధ్యాయురాలు, అధ్యక్షుడు కలిసి పట్నం వచ్చి, మిగతా బడుల వాళ్లకు ఉపన్యాసం ఇవ్వాలట. ఇద్దరూ వారం రోజులు పోట్లాడుకుంటూనే ఉపన్యాసం రాశారు. చెప్పిన రోజున ఒకే ట్రాక్టరు మీద, వంతెన దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి, గంటన్నర ప్రయాణం చేసి సభామందిరానికి చేరారు.

తలుపుకు తాళం వేసి ఉంది. మంచు కారణంగా సభ వాయిదా పడిందని కాగితం అంటించారు.