పూజలో చిక్కిన దొరసాని

ఆయుధ పూజ నాడు పొద్దున ఆరింటికి ముత్తురామన్ తలంటు పోసుకొని, ఆ రోజు చేయవలసిన పనులు మనసులో వరస పెట్టుకున్నాడు. తొమ్మిదికి పూజ. తొమ్మిదిన్నరకు పొంగలి, వడ. పదింటికి టీవీ ముందు కూర్చోవడం. ఆ తరవాత ఎవరు పిలిచినా లేవకపోవడం.

తమిళనాట కోవిల్‌పట్టిలోని తెలుగువాళ్ల నేతవీథిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేది ఏడాదికి ఈ ఒక్క రోజే. ముందురోజు సాయంత్రం అడ్డపోగు తోసే నాడెలు దించితే, మర్నాడు విజయదశమి పొద్దున మళ్లీ పూజ చేసి మగ్గాలు తోలతారు. మిగతా రోజుల్లో ముత్తురామన్ షెడ్డులోని నాలుగు పవర్‌లూముల మోతకు ఇంట్లో పక్కనున్న మనిషి మాటే వినబడదు. ఇక ఆటలో గుర్రపు డెక్కల చప్పుడు ఏం వినబడుతుంది?

ఆట అంటే టీవీకి తగిలించి ఆడేది. కొడుకు విఘ్నేశ్వరన్ తనకోసమని కొన్నాడు. నెల తిరక్కుండా అది తండ్రి చేతికి పోయింది. అరవైరెండేళ్ల ముత్తురామన్ పల్లెబడిలో అయిదు దాకా చదివినవాడు. తెరమీది ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియదు, అయినా కథ తెలిసింది. ఒక కోట, కోటకు ఒక రాణి, ఆడేవాడు ఆమెను నడపాలి. ఆమె పేరు నోరు తిరగక ‘దొరసాని’ అని పెట్టుకున్నాడు. ఆమె ఉప్పు తిని, ఆమె కోట తలుపే శత్రువుకు తీసిన ఒక సేనాపతి. నాలుగు నెలలు ఆడి వాణ్ని పట్టుకున్నాడు. మెడమీద కత్తి పెట్టగానే చంపాలా, వదలాలా అని ఆట అడిగింది. అది భార్య జానకియమ్మాళ్ తద్దినం రోజు. మనసు మెత్తబడి వదిలేశాడు. భార్య పోయి ఆరేళ్లయింది, అప్పటినుంచి అతను ఎవర్నీ ఏ తప్పుకూ క్షమించినవాడు కాదు. క్షమించిన ఆ ఒక్కడూ ద్రోహి కావడం అతన్ని తినేస్తోంది.

అందుకే మళ్లీ మొదటినుంచి ఆడతాడు. ఈసారి వదలడు. ఇంకొకటి కూడా ఉంది. ఒకసారి ఆట ముగించినవాళ్లకు రెండోసారి దొరసాని మొదటినుంచీ పట్టాభిషేకపు బట్టల్లో వస్తుంది. ఆ బట్టలు పోయినసారి చివర్న రెండే నిమిషాలు కనబడ్డాయి. భుజాలనుంచి మడమల దాకా చింతగింజ రంగు గుడ్డ. అడుగున అడ్డంగా ఎనిమిది వేళ్ల వెడల్పున పసుపు పట్టీ. పట్టీలో నల్లటి రంపపు పళ్లు, ప్రతి మూడో పన్ను విరిగి ఉంది. సొగసుకు విరిచారా, నేసినవాడి తప్పా? నలభై అయిదేళ్లు నేసిన మనిషికి ఇది తేలాలి.

తొమ్మిదికి షెడ్డులో పూజ మొదలైంది. వీథికి పెద్ద కాబట్టి అతని షెడ్డులో హారతి అయ్యాకే మిగతా ఇళ్లలో హారతి. నాడెలు, కత్తెరలు, స్పానర్లు, మిక్సీ, బైకు తాళం, అన్నిటికీ గంధం, కుంకుమ. ముత్తురామన్ కర్పూరం కళ్లకద్దుకొని కళ్లు తెరిచేసరికి నాడెల నడుమ ఆట కంట్రోలర్ కూర్చుని ఉంది. ఒంటినిండా బొట్లు. నెత్తిన మూరెడు మల్లెపూలు.

"అదేమిటికి పెడితివి అక్కడ?" అన్నాడు కోడలు కార్తికతో, పళ్ల సందున.

"మీరు దినమూ చేత పట్టుకొనేది అదే గదా మామా. సంతోషపడతారని పెడితిని."

"అది ఆయుధం కాదు. ఎత్తెయ్."

షెడ్డులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పూజలో పెట్టింది మర్నాటి పూజ దాకా ముట్టరాదు. నియమం వీథి మొత్తానికీ ఉంది గాని, దాన్ని జనం నెత్తిన రుద్దినవాడు మాత్రం ముత్తురామనే.

విఘ్నేశ్వరన్ ఈ రోజుకోసం పదిహేనేళ్లుగా కాచుకొని ఉన్నట్టున్నాడు. "నాయనా, పరీక్షకని పూజలో పెట్టిన లెక్కల పుస్తకం ఇమ్మంటే ఏం చెప్తిరి? ‘సరస్వతి చదువుకుంటా ఉంది, నీకేమి తొందర’ అంటిరి. ఇప్పుడు ఆమె ఆడుకుంటా ఉంది. ఉండండి."

"పోయిన ఏడు నా కత్తెర అడిగితే ఇస్తివా?" ఎదురింటి మాయక్కాళ్ అందుకుంది. ఆమె అతని పెదనాన్న కూతురు, మూడేళ్లు పెద్ద, రెండు మగ్గాలు తోలుతుంది. "దారం పండ్లతో కొరికితిని రా ముత్తూ, పండ్లతో! నువ్వూ కొరుక్కో."

పదింటికి ముత్తురామన్ టీవీ ముందు కూర్చున్నాడు. నల్లటి తెరలో అతని మొహమే కనబడింది. పదిన్నర దాకా దాన్నే చూశాడు. తరవాత లేచి, ఫోను చెవికి పెట్టుకొని వాకిట్లోకి పోయి, అవతల ఎవరూ లేకుండానే గట్టిగా మాట్లాడాడు. "సరి ముదలాళీ... రేపు పొద్దున రైలుకా? సరి, సరి ముదలాళీ."

ముదలాళి అంటే విరుదునగర్ జవుళి వ్యాపారి శ్రీనివాసన్. వీథి నేసిన గుడ్డలో సగం అతని కొట్టుకే పోతుంది.

"ముదలాళికి సాంపిల్ కావాలంట, అవసరమంట," అన్నాడు కొడుకుతో. "మద్యాన్నమే మల్లా పూజ చేసి సామాన్లు ఎత్తుదాము."

సామాన్లతోపాటు కంట్రోలరూ వస్తుంది. రేపు ‘ముదలాళి వద్దన్నాడు’ అంటే అయిపోతుంది. అబద్ధం తను చెప్పినచోట కూర్చుంటుందనుకున్నాడు.

"ఏం గుడ్డ నాయనా?"

అది ఆలోచించుకోలేదు. నోటికి ఏది వస్తే అది చెప్పాడు, నోటికి వచ్చింది దొరసాని గుడ్డ. చింతగింజ రంగు, ఎనిమిది వేళ్ల పసుపు పట్టీ, నల్ల పళ్లు, మూడోది విరిగినది. తడుముకోకుండా, పోగు పోగూ కంటిముందు ఉన్నట్టు చెప్పాడు. కల్పించేవాడు ఇంత వివరంగా చెప్పడు గనక అందరూ నమ్మారు.

"ఎన్ని?" కిటికీ అవతలనుంచి మాయక్కాళ్ గొంతు.

తొందరకు తగ్గ అంకె వేయాలని, "నాలుగు నూర్లు. దీపావళికి ముందే," అన్నాడు.

"నాలుగు నూర్లా! నాలుగు మగ్గాలు పెట్టుకొని నువ్వొకడివే నేస్తావా? అందుకా గుట్టుగా పూజ ఎత్తేది? ఉండు, చెప్తా."

ఎవరికి చెప్తుందో చెప్పలేదు. వీథి అందరికీ చెప్పింది.

రెండింటికి ముత్తురామన్ షెడ్డులో మళ్లీ పూజ అయింది. రెండున్నరకు పద్దెనిమిది ఇళ్లలో అయింది. పండక్కని పుదూరుకూ ఏళాయిరంపన్నైకీ పోయిన పనివాళ్లు ఫోన్లు అందుకొని, నోట్లో బొరుగులు నములుతూనే బస్సు దిగారు. మూడింటికి ముప్పై మగ్గాలు ఒకేసారి మొదలయ్యాయి. ఏడాదికి ఒక్కసారి దొరికే నిశ్శబ్దాన్ని ముత్తురామన్ తన నోటితోనే చంపుకున్నాడు.

పోతే పోయింది, కంట్రోలర్ చేతికొచ్చింది. తలుపు వేసి టీవీ పెట్టబోయి ఆగిపోయాడు. ఆట మొదలైతే దొరసాని వస్తుంది. వస్తే ఆ గుడ్డ కట్టుకునే వస్తుంది. విరుదునగర్ ముదలాళి అడిగిన సాంపిలు టీవీలో తిరుగుతుంటే ఇంటికొచ్చినవాళ్లకు ఏం చెప్పాలి? కంట్రోలర్ ఒళ్లో పెట్టుకొని, టీవీ ఆపి, పొద్దుటిలాగే కూర్చున్నాడు. ఒక్కటే తేడా, ఇప్పుడు మోత కూడా ఉంది.

షెడ్డులో మూడో మగ్గంమీద చింతగింజ రంగు పడుగు నూలు, అతని ఖర్మకొద్దీ, ముందే ఎక్కి ఉంది. పనిలో విఘ్నేశ్వరన్‌కు వంక పెట్టడానికి లేదు. గుడ్డలో బొమ్మ తేల్చే డాబీ మేకులు మార్చి పట్టీ మొదలుపెట్టి, అయిదు నిమిషాలకొకసారి వచ్చి తలుపు తట్టాడు.

"నాయనా, పసుపు ఎంత పసుపు?"

"ఆవపువ్వంత."

"నాయనా, పన్ను విరిగింది కొసనా, నడుమనా?"

ముత్తురామన్‌కు గుర్తు లేదు. "ఉండు, ముదలాళిని అడుగుతా," అని తలుపు గడియ వేయబోతే అది పడలేదు. అలాగే దగ్గరికి లాగి, టీవీ గొంతు నొక్కి ఆట పెట్టాడు. దొరసాని వచ్చింది. కంట్రోలర్‌మీద గంధం ఎండి ఒక మీట అతుక్కుపోయినట్టుంది, ఆమె నడవమంటే నడవదు, వంగి వంగి దండం పెడుతోంది. వంగినప్పుడల్లా పట్టీ తెరనిండా పరుచుకుంటోంది. ముత్తురామన్ టేపు పట్టుకొని తెరముందు గొంతుక్కూర్చుని పళ్లు లెక్కపెడుతుండగా కార్తిక కాఫీ పట్టుకొని లోపలికి వచ్చింది.

ఆమె తెర చూసింది. మామను చూసింది. మగ్గం మోత వచ్చే దిక్కు చూసింది.

"ముదలాళి కోక కట్టుకొని వచ్చినాడా మామా?"

"నోరు మూసుకో తల్లీ."

"మూసుకుంటా. ఆ పన్ను నడుమకే విరిగుండాది, చూడండి. విరిగినవన్నీ ఒక్క తీరుగా ఉండాయి. తప్పయితే ఒక్క తీరుగా ఉండదు."

ముత్తురామన్ మెడ తిప్పి, పెళ్లయి నాలుగేళ్లయిన కోడల్ని మొదటిసారి సరిగా చూశాడు. అంతలో వీథిలో కారు హారన్ మోగింది.

జరిగింది ఇది. మాయక్కాళ్‌కు వీథికి చెబితే సరిపోలేదు. నాలుగు నూర్లలో నూరు తనకు రాసి ఇమ్మని శ్రీనివాసన్‌కే ఫోను చేసింది. నేనేమీ అడగలేదే అన్నాడతను. ‘పట్టీలో పండ్లు కూడా చెప్తిరంట గదా,’ అన్నదామె. తన పేరు చెప్పి వేరే కొట్టుకు నేస్తున్నారని శ్రీనివాసన్‌కు తోచింది. పండగ పూట కారెక్కి గంటలో వచ్చి దిగాడు. అతనిదీ ఈ వీథివాళ్ల తెలుగే, కోపం వస్తే అది ఇంకా బాగా వస్తుంది.

"ఎవరికి నేస్తా ఉండారు నా పేరు చెప్పి?" షెడ్డు గుమ్మంలోనే అరిచాడు. "ముత్తురామా! నేను నీకు ఫోను చేస్తినా? ఎప్పుడు చేస్తిని? చెప్పు!"

మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. పనివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు గుమ్మం నిండా నిలబడ్డారు. ఏళ్ల తరబడి నియమం తప్పారని ముత్తురామన్ చేత తిట్లు తిన్నవాళ్లే అందరూ. పొద్దున అంతగా కోరుకున్న నిశ్శబ్దం ఇప్పుడు వచ్చింది. దానిలో నోరు తెరిచి నిజం చెప్పేయడమే మిగిలింది.

అతను తెరిచాడు. అయితే శ్రీనివాసన్ వినడం లేదు. మూడో మగ్గంమీద రెండు మూరలు నేసి ఉంది. అతని బొటనవేలు పసుపు పట్టీమీద నల్ల పళ్ల వెంబడి పోయి, విరిగినదాని దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ పోయింది.

"ఇది తప్పా?"

"కాదు. విరిగినవన్నీ ఒక్క తీరుగా ఉండాయి చూడండి," అన్నాడు ముత్తురామన్.

శ్రీనివాసన్ గుడ్డ వదలకుండానే జనంవైపు తిరిగాడు. మొహంలో కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఫోను నేనే చేస్తిని. పండగ సందట్లో మరిచినా. నాలుగు నూర్లు కాదు, ఆరు నూర్లు. ఈ పట్టీ చీర కొంగుకు రావాల. వీథి అంతా పంచుకొని నేయండి. ఇంకో కొట్టువాడి కంట పడితే నేను ఈ వీథిలో కాలు పెట్టను."

మాయక్కాళ్ కొంగు బిగించి, "నేను అప్పుడే అంటిని," అంది. ఆమె అన్నదేమిటో ఎవరూ అడగలేదు.

వెళ్లేముందు శ్రీనివాసన్ ముత్తురామన్‌ను పక్కకు లాగాడు. "ఎవరు గీసినారో నాకు వద్దు. ఇట్లాంటివి ఇంకా ఉండాయా?"

లేవని చెప్పబోయేంతలో కార్తిక అందుకుంది. "పద్నాలుగు ఉండాయి ముదలాళీ. అయితే వాటికి మామ దినమూ పొద్దున పదినుంచి టీవీ ముందు కూర్చోవాల. ఎవరూ పిలవరాదు."

"కూర్చోమను! ఎవడు పిలిచేది?"

విజయదశమి పొద్దున పదింటికి ముత్తురామన్ టీవీ ముందు కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. పిలవవలసిన అవసరం లేకపోయింది, అందరూ అక్కడే ఉన్నారు. గళ్ల పుస్తకం, పెన్సిలుతో విఘ్నేశ్వరన్. కుర్చీ తెచ్చుకొని మాయక్కాళ్. దొరసాని ఎన్ని చోట్ల ఎన్ని బట్టలు మార్చిందో అన్నీ గళ్లలోకి ఎక్కాయి. "వెనక్కి తిప్పు రా... భుజం చూపు... ఆ గుర్రంమీద పరిచిన గుడ్డ మంచిదిగా ఉండాది, గుర్రాన్ని నిలబెట్టు." మగ్గాల మోతలో డెక్కల చప్పుడు వినబడకపోయినా, పక్కన మూడు గొంతులు కలిసి ‘ఎడమకు, ఎడమకు’ అని అరుస్తుంటే గుర్రం ఎప్పటికంటే బాగానే పరుగెత్తింది. అతను ఒప్పుకోడు గాని, ఆ రోజుల్లో అన్నం రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

పదకొండో రోజు సేనాపతి దొరికాడు. మెడమీద కత్తి పెట్టగానే చంపాలా, వదలాలా అని ఆట అడిగింది. ముత్తురామన్ బొటనవేలు లేచింది.

"ఆగు రా!" మాయక్కాళ్ అతని మణికట్టు పట్టుకుంది. "వాడి ఉత్తరీయం చూడు. అంచులో గువ్వలు ఉండాయి. చంపితే గుడ్డ అంతా రక్తం అవుతుంది, మల్లా గువ్వలు ఎట్ల లెక్కపెట్టేది? వదులు వాణ్ని, లేచి నడవనీ."

"అక్కా, వాడు ద్రోహి."

"ద్రోహి అయితే ఏమి? కట్టు బాగుండాది."

విఘ్నేశ్వరన్ పెన్సిలు చెక్కుకొని తండ్రివైపు చూశాడు. గుమ్మంలో కార్తిక పైకప్పు చూస్తూ నిలబడింది. ముత్తురామన్ కొంతసేపు పళ్లు కొరికి, రెండో మీట నొక్కాడు. సేనాపతి లేచి, దుమ్ము దులుపుకొని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు. వీపుమీద ఉత్తరీయం పూర్తిగా విచ్చుకుంది. గువ్వలు ఇరవైరెండు.

ఆ దీపావళికి విరుదునగర్‌లో దొరసాని కొంగు బాగానే అమ్ముడుపోయింది. సేనాపతి ఉత్తరీయం అంతకంటే బాగా పోయింది.